బాఖ్‌ను ఆంప్‌లోకి ఎక్కించినవాళ్ళు: నియోక్లాసికల్ గిటారిస్టులపై తరచుగా అడిగే ప్రశ్నలు

రాక్ గిటారు వినేవాళ్ళు నలుగురు చేరితే ఒక వాదన తప్పదు. బాఖ్, వివాల్డి, పగనీని లాంటి పాతకాలపు యూరప్ స్వరకర్తలను ఎలక్ట్రిక్ గిటారు మీదికి దింపిన స్పీడు వీరులు చరిత్రలో నిలిచే పనేదైనా చేశారా, లేక గారడీ చేసి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయారా?

ఈ వాదన తెగకపోవడానికి కారణం ఉంది. ముగ్గురు మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ, ఒకే విషయం మాట్లాడుతున్నామనుకుంటారు. ఎంత బాగా వాయించాడన్నది ఒకటి. ఎంత మంచి సంగీతం రాశాడన్నది ఇంకొకటి. అతని తరువాత మిగతావాళ్ళ వాయింపు మారిందా అన్నది మూడోది. చరిత్రకు కావలసింది ఈ మూడోదే. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే చదువుకోండి.

నియోక్లాసికల్ అంటే ఎవరెవరు?

పేరు చూసి బెదరక్కర్లేదు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల యూరప్‌లో నడిచిన బరోక్ సంగీతంలోని స్వరాల నడకనూ, ఆ తరువాత వచ్చిన వయొలిన్ విద్వాంసుల ఆర్భాటాన్నీ డిస్టార్షన్ (ఆంప్, అంటే ఆంప్లిఫయర్, శబ్దాన్ని కావాలనే గరగరలాడించడం) పెట్టిన ఎలక్ట్రిక్ గిటారు మీద వాయించేవాళ్ళు. నడిమధ్యన స్వీడన్ వాడు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ కూర్చుంటాడు. ముందు వరసలో రిచీ బ్లాక్‌మోర్, ఉలి జాన్ రోత్, ర్యాండీ రోడ్స్. వెనక వరసలో టోనీ మెకాల్పైన్, విన్నీ మూర్, మార్టీ ఫ్రీడ్‌మన్, జేసన్ బెకర్. ఎడ్డీ వాన్ హేలెన్, స్టీవ్ వాయ్ గడప మీద నిలబడ్డవాళ్ళు. లోపలా అంటే లోపలే, బయటా అంటే బయటే.

స్టీవ్ హౌ, స్టీవ్ హాకెట్, రాబర్ట్ ఫ్రిప్ లాంటి ప్రోగ్రెసివ్ రాక్ వాళ్ళకూ శాస్త్రీయ సంగీతంతో గట్టి చుట్టరికమే ఉంది. కానీ వాళ్ళ దారి వేరు, వాళ్ళ గురించి వాదించేవాళ్ళూ వేరే.

ఇదంతా మాల్మ్‌స్టీన్‌తో మొదలైనట్టేనా?

కాదు. 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ బృందం రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించింది. రచన కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్‌ది. ఘనమైన సంఘటనే, కానీ అక్కడ జరిగింది పక్కపక్కన కూర్చోవడం. ఆర్కెస్ట్రా దాని మాట అది మాట్లాడింది, బ్యాండు దాని మాట అది మాట్లాడింది. నిజంగా కలిసిపోయింది 1972లో, అదే బృందం పాట 'హైవే స్టార్' గిటారు సోలోలో. ఆర్కెస్ట్రా లేదు, నల్ల కోట్లు లేవు. సోలో కింద నడిచే కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) వరస బాఖ్ నుంచి తీసుకున్నదని ఆ బృందం గిటారిస్టు బ్లాక్‌మోరే చెప్పుకున్నాడు. కారు గురించి, స్పీడు గురించి పాడే పాట మధ్యలో ఆ వరస ఎంత సహజంగా ఇమిడిందంటే, చాలామందికి అది శాస్త్రీయమని తట్టను కూడా తట్టదు.

1977లో స్కార్పియన్స్ బృందంలో ఉలి జాన్ రోత్ 'ద సెయిల్స్ ఆఫ్ కేరన్' వాయించాడు. అది విన్నాక మాల్మ్‌స్టీన్ మొదటి ఆల్బం వింటే సగం సామాను అక్కడే కనిపిస్తుంది. ఆలోచన పాతదే. మాల్మ్‌స్టీన్ మార్చింది మోతాదు.

అన్నీ వదిలి బరోక్ సంగీతాన్నే ఎందుకు పట్టుకున్నారు?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇదే. దీనికి జవాబు అభిరుచిలో కంటే ఎలక్ట్రానిక్స్‌లో ఎక్కువ ఉంది.

ఆంప్‌లో డిస్టార్షన్ పెంచితే రెండు జరుగుతాయి. మొదటిది, స్వరం సాగుతుంది. మామూలు గిటారులో తీగ మీటగానే శబ్దం లేచి వెంటనే పడిపోతుంది. డిస్టార్షన్‌లో శబ్దపు శిఖరాలు నరికినట్టై, చిన్న శబ్దం కూడా పెద్దదిగానే వినిపిస్తుంది. దాంతో గిటారు ఒక్కసారిగా కమాను వాద్యంలా మోగడం మొదలుపెడుతుంది. వయొలిన్ కోసం రాసిన గీతం దాని నోట్లో పడుతుంది.

రెండోది, కార్డులు పాడైపోతాయి. మూడు నాలుగు స్వరాలు కలిపి మీటితే, వాటి పౌనఃపున్యాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, అడగని స్వరాలు పుట్టుకొచ్చి, అంతా బురద అవుతుంది. అందుకే మెటల్‌లో రిఫ్‌లు (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు ముక్కలు) ఎక్కువగా షడ్జమం, పంచమం మాత్రమే ఉన్న పవర్ కార్డుల మీద నడుస్తాయి. అలాంటప్పుడు ఇది ఏ రకం కార్డు, మేజరా మైనరా, డిమినిష్డా అని చెప్పేదెవరు? సోలో వాయించేవాడు. ఒక్కో స్వరం విడివిడిగా వాయిస్తూనే కింద ఉన్న కార్డు మొత్తాన్ని వినేవాడి చెవిలో కట్టాలి.

బాఖ్ ఒంటరి వయొలిన్‌కీ, ఒంటరి చెల్లోకీ రాసిన రచనల్లో చేసిందే ఇది. కమాను వాద్యం మీద కూడా నాలుగు స్వరాలు ఒకేసారి నిలబడవు కాబట్టి, కార్డులోని స్వరాలను ఒకటొకటిగా, అంటే ఆర్పెజియోలుగా పరిచి, మధ్యమధ్య ఒకే స్వరానికి తిరిగొస్తూ, లేని బృందాన్ని ఉన్నట్టు భ్రమ కలిగించాడు. రెండు వందల యాభై ఏళ్ళ తరువాత అదే ఇబ్బంది ఇంకో వాద్యానికి వచ్చింది, పాత పరిష్కారం పనికొచ్చింది. గొప్పల కోసం బాఖ్ పేరు వాడుకున్నారనే విమర్శలో కొంత నిజం ఉన్నా, అసలు లాగింది ఈ అవసరమే.

ఎడ్డీ వాన్ హేలెన్‌ను ఈ లెక్కలోకి తీసుకురావడం న్యాయమేనా?

1978 నాటి 'ఎరప్షన్' నిడివి ఒక నిమిషం 42 సెకన్లు. నడుమ ఒకచోట చెవి పెట్టి వినండి, వయొలిన్ నేర్చుకున్నవాళ్ళు ఉలిక్కిపడతారు. రొడోల్ఫ్ క్రొయిట్జర్ వయొలిన్ అభ్యాసాల్లో రెండోదాని మొదలు అక్కడ వినిపిస్తుంది. సంగీత పాఠశాలలో పిల్లల చేత వందసార్లు వాయింపజేసే సాధన పాఠమది. ఎడ్డీ కుటుంబం నెదర్లాండ్స్ నుంచి 1962లో కాలిఫోర్నియా వచ్చింది. చిన్నప్పుడు పియానో నేర్చుకుని పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న కుర్రాడు. కాబట్టి ఆ ముక్క గాలివాటుగా వచ్చి పడింది కాదు.

చివరి భాగంలో రెండు చేతులతోనూ ఫ్రెట్‌ల (గిటారు మెట్ల) మీద కొడుతూ వాయించే ట్యాపింగ్ ఉంటుంది. అది అతను కనిపెట్టింది కాదు. హాకెట్ 1971లోనే వాయించాడు. అంతకు ముందు 1965లో విట్టోరియో కమర్దేసే అనే ఆయన ఇటలీ టీవీలో చేసి చూపించాడు. ఎడ్డీ చేసిందల్లా ట్యాపింగ్‌తో త్రిస్వర ఆర్పెజియోలు పరిచి, వాటి కింద కార్డులు మారుతున్నట్టు వినిపించడం. ఆర్గాన్ మీద బరోక్ టొకాటా (వేళ్ళ వేగం చూపించే రచన) వింటున్నట్టుంటుంది.

రికార్డింగుకు ముందు వేళ్ళు వేడెక్కించుకుంటుంటే విన్న నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ దాన్ని ఆల్బంలో పెట్టించాడు. అంటే అనుకోకుండా నిలిచిన ముక్క. ఆ ముక్క తరువాత గిటారు కొట్లలో కుర్రాళ్ళు వాయించి చూసే వరసే మారిపోయింది. చారిత్రక ప్రాముఖ్యం అనే మాటకు నేను చూపించే మొదటి ఉదాహరణ అదే.

ర్యాండీ రోడ్స్ 25 ఏళ్ళకే పోయాడు కాబట్టి దేవుణ్ణి చేశారంటారు. నిజమేనా?

సగం నిజం. 1982 మార్చి 19న ఫ్లోరిడాలో చిన్న విమానం కూలి చనిపోయాడు. గాయకుడు ఓజీ ఆస్బోర్న్‌తో చేసినవి రెండు స్టూడియో ఆల్బంలే. అకాల మరణం పేరును పెంచుతుంది, కాదనలేం.

మిగతా సగం ఆ రెండు ఆల్బంలలోనే ఉంది. తల్లి డెలోరెస్ నార్త్ హాలీవుడ్‌లో మ్యూజోనియా అనే సంగీత పాఠశాల నడిపేది. రోడ్స్ అక్కడే పెరిగి, అక్కడే గిటారు చెప్పాడు. పేరొచ్చాక కూడా టూర్‌లో ఏ ఊళ్ళో దిగినా అక్కడి క్లాసికల్ గిటారు మాస్టారిని వెతుక్కుని పాఠం చెప్పించుకునేవాడు. వేదిక మీద వేలమంది అరుస్తుంటే వాయించే మనిషి, పగలు ఎవరో ఊరి మాస్టారి ముందు పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు.

'మిస్టర్ క్రౌలీ' సోలోలు వింటే కట్టుదిట్టం తెలుస్తుంది. గిటారు కార్డులను వెంబడించదు, కార్డులతో కలిసి నడుస్తుంది. కార్డులు పంచమాల వరసలో దిగే చోట ప్రతి మెట్టూ వినిపిస్తుంది. పాటలోంచి సోలోను తీసేస్తే పాట కుంటుతుంది. మాల్మ్‌స్టీన్ అభిమానులకు కోపం రావచ్చు గానీ, పాటకు పనికొచ్చేలా శాస్త్రీయతను వాడినవాళ్ళలో రోడ్స్‌ది పైచేయి.

సరే, మాల్మ్‌స్టీన్ చేసిన కొత్త పని ఏమిటి?

1963లో స్టాక్‌హోంలో పుట్టాడు. 1970 సెప్టెంబరు 18న జిమీ హెండ్రిక్స్ చనిపోయిన రోజు టీవీలో అతను గిటారు తగలబెట్టే దృశ్యం చూసి గిటారు పట్టానని చెబుతాడు. తరువాత గిడాన్ క్రేమర్ టీవీలో పగనీని వాయిస్తుంటే చూసి, తన గిటారు ఎలా మోగాలో తేల్చుకున్నాడు. 1983లో ష్రాప్‌నెల్ రికార్డ్స్ అధినేత మైక్ వార్నీ పిలుపు మీద అమెరికా చేరాడు. 1984లో 'రైజింగ్ ఫోర్స్' వచ్చింది. ఎనిమిదింటిలో ఆరు పాటల్లో గొంతు లేదు, ఉత్త గిటారే. అలాంటి రికార్డు బిల్‌బోర్డ్ ఆల్బంల పట్టికలో 60వ స్థానం దాకా వెళ్ళింది, గ్రామీ నామినేషన్ తెచ్చుకుంది.

కొత్తదనం మూడు చోట్ల ఉంది. అంతకు ముందు రాక్ గిటారు ఇల్లు పెంటటానిక్, అంటే బ్లూస్ ఐదు స్వరాలు. శాస్త్రీయ ముక్కలు చుట్టపుచూపుగా వచ్చేవి. మాల్మ్‌స్టీన్ ఇల్లు మార్చేశాడు. హార్మోనిక్ మైనర్ అనే స్వరశ్రేణి, డిమినిష్డ్ ఆర్పెజియోలే అతని మాతృభాష, బ్లూసే చుట్టం.

రెండోది స్వీప్ పికింగ్. దీన్ని దగ్గర నుంచి చూడాలి. పిక్‌ను (తీగ మీటే బిళ్ళను) ఒక్కో తీగ మీదా కిందికీ పైకీ ఆడించకుండా, మూడు నాలుగు తీగల మీదుగా ఒకే ఊపులో జారవిడుస్తారు. చూడ్డానికి కార్డు గీకినట్టే ఉంటుంది. కిటుకంతా ఎడమ చేతిలో ఉంది. ఒక స్వరం మోగీమోగగానే ఆ వేలి పట్టు వదిలేయాలి, తీగ మీంచి వేలు మాత్రం పూర్తిగా తీయకూడదు. పట్టు ఉంచేస్తే స్వరాలు కలిసిపోయి కార్డవుతుంది, పూర్తిగా తీసేస్తే డిస్టార్షన్‌లో వట్టి తీగ గీపెడుతుంది. కుడి అరచెయ్యి అంచు అయిపోయిన తీగలను నొక్కుతూ వెనకే రావాలి. ఇదీ అతను కనిపెట్టింది కాదు. జాజ్‌లో పాతదే, ఫ్రాంక్ గంబాలే జాజ్, రాక్ కలిసిన ఫ్యూజన్‌లో దీన్ని ఇంకో దారిలో పెంచాడు. రాక్ కుర్రాళ్ళ దాకా చేర్చింది మాల్మ్‌స్టీన్.

మూడోది వైబ్రాటో. స్పీడు గురించే మాట్లాడేవాళ్ళు దీన్ని వదిలేస్తారు. పరుగంతా అయ్యాక ఒక స్వరం దగ్గర ఆగి, తీగను వెడల్పుగా, నిదానంగా ఊపుతాడు. వయొలిన్ లాగా, ఒపేరా గాయకుడి లాగా. మిగతావన్నీ అనుకరించినవాళ్ళు వేలల్లో ఉన్నారు, ఆ ఊపు పట్టుబడ్డవాళ్ళు వేళ్ళ మీద లెక్క.

స్కాలప్డ్ ఫ్రెట్‌బోర్డు అంటే ఏమిటి? వీణ మెట్లలాగే ఉంటుందంటారు.

ఫ్రెట్‌కూ ఫ్రెట్‌కూ మధ్య చెక్కను గరిటె గుంటలా చెక్కేస్తారు. వేలికి చెక్క తగలదు, తీగ మాత్రమే తగులుతుంది. పట్టు బాగా దొరుకుతుంది, బెండ్ (తీగను పక్కకు లాగి శ్రుతి పెంచడం) తేలికవుతుంది. నొక్కుడు ఎక్కువైతే శ్రుతి పైకి పోతుంది కాబట్టి చెయ్యి తేలిగ్గా ఉండాలి. కుర్రతనంలో వాద్యాలు బాగుచేసే కొట్లో పనిచేస్తున్నప్పుడు పదిహేడో శతాబ్దపు ల్యూట్ అనే తీగ వాద్యం ఒకటి ఇలా ఉండటం చూశానని మాల్మ్‌స్టీన్ చెబుతాడు. బ్లాక్‌మోర్ గిటార్లకూ ఇదే ఉండేది.

వీణతో పోలిక సరైనదే. మైనం మీద ఎత్తుగా నిలబెట్టిన మెట్లు, వాటి మధ్య లోతు, అందువల్లే తీగను లాగి గమకం పలికించడం సాధ్యమవుతుంది. ఈ చుట్టరికం ఉత్త పోలిక కూడా కాదు. జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. భారతీయ వాద్యకారులతో కట్టిన శక్తి బృందం కోసం చేయించుకున్న గిటారుకు ఈ గుంటల ఫ్రెట్‌బోర్డే పెట్టించాడు.

ఇవి మన రాగాల్లో ఏమవుతాయి?

హార్మోనిక్ మైనర్ స్వరాలు కీరవాణివి. దాన్నే పంచమం నుంచి మొదలుపెట్టి వాయిస్తే వకుళాభరణం. మెటల్‌లో 'ఈజిప్టు వాసన' వచ్చే చోటల్లా సాధారణంగా ఈ రెండోదే ఉంటుంది. హంగేరియన్ మైనర్ అనేది మన సింహేంద్రమధ్యమం. అయితే స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటవదు. కీరవాణి ఆలాపన అలవాటైన చెవికి మాల్మ్‌స్టీన్ కీరవాణి మెట్లు దిగుతున్నట్టు ఉంటుందే తప్ప రాగం పాడుతున్నట్టుండదు. అక్కడ స్వరాన్ని నడిపించేది కింద మారే కార్డు, గమకం కాదు.

పగనీనితో పోల్చడం అతి కాదా?

కొంతవరకు అతే. కానీ పగనీని మీద అప్పట్లో వచ్చిన విమర్శలు చూస్తే నవ్వొస్తుంది. దెయ్యంతో ఒప్పందం చేసుకున్నాడన్నారు, గారడీవాడన్నారు. ఒంటరి వయొలిన్ కోసం ఆయన రాసిన 24 కాప్రిస్‌లు 1820లో అచ్చయ్యాయి. 1832లో పారిస్‌లో ఆయన కచేరీ విన్న పియానో విద్వాంసుడు లిస్ట్, పియానో మీద అలాంటిది సాధించాలని మళ్ళీ సాధన గదిలోకి వెళ్ళాడు. ఆ తరువాత లిస్ట్, షూమన్, బ్రామ్స్, రఖ్మానినోవ్ అందరూ పగనీని రాసిన వస్తువుల మీద రచనలు చేశారు.

పోలిక ఎక్కడ తెగుతుందో అక్కడే చూడాలి. పగనీని తరువాత గొప్ప స్వరకర్తలు ఆయన సంగీతం తీసుకుని ఇంకేదో కట్టారు. మాల్మ్‌స్టీన్ తరువాత వచ్చినవాళ్ళు ఎక్కువగా మాల్మ్‌స్టీన్‌నే మళ్ళీ వాయించారు. విధానం పాకింది, వస్తువు పాకలేదు.

పనిలో పని, పగనీని గిటారు కూడా బాగా వాయించేవాడు. ఆయన చేతిలో కొంతకాలం ఉండి, తరువాత స్వరకర్త బెర్లియోజ్‌కు చేరిన ఒక గిటారు పారిస్ మ్యూజియంలో ఉంది. దాని పైచెక్క మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

వాళ్ళు వాయించింది నిజంగా శాస్త్రీయ సంగీతమేనా?

కాదు, ఎక్కువమంది అలా చెప్పుకోలేదు కూడా. బాఖ్ సంగీతంలో ప్రాణం కౌంటర్‌పాయింట్, అంటే రెండు మూడు గీతాలు దేని దారిన అది నడుస్తూనే ఒకదానికొకటి జవాబివ్వడం. నియోక్లాసికల్ గిటారులో ఉండేది ఒక గీతం, కింద రిథమ్. తీసుకున్నది వాకిలి ముగ్గు, ఇల్లు కాదు.

ఇంకో తమాషా. రైజింగ్ ఫోర్స్‌లోని 'ఇకారస్ డ్రీమ్ సూట్' మొదలు, బరోక్ స్వరకర్త అల్బినోనీ పేరుతో చెలామణీ అయ్యే 'అడాజియో' అనే రచన నుంచి వచ్చింది. అసలు ఆ అడాజియోనే అల్బినోనీది కాదు. రెమో జాజోత్తో అనే ఇటలీ సంగీత పరిశోధకుడు 1958లో అచ్చు వేయించిన రచన అది. అంటే మన గిటారిస్టు అరువు తెచ్చుకున్న ఆ బరోక్ వయసు అతనికంటే ఐదేళ్ళు పెద్దదంతే. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వీళ్ళ బరోక్ పుస్తకాల బరోక్ కాదు, రికార్డుల్లో, టీవీల్లో విని ఊహించుకున్న బరోక్ అని మాత్రమే.

శాస్త్రీయ సంగీత లోకం వీళ్ళను పట్టించుకుందా?

పెద్దగా లేదు. మాల్మ్‌స్టీన్ 1998లో ఎలక్ట్రిక్ గిటారు, ఆర్కెస్ట్రాల కోసం కన్చెర్టో సూట్ రాసి చెక్ ఫిల్‌హార్మోనిక్‌తో రికార్డు చేశాడు. ఆర్కెస్ట్రాలు దాన్ని తమ కచేరీల జాబితాలోకి ఎక్కించుకోలేదు. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ లోకంలో కుర్చీ వేసింది ఇంకో దిక్కు నుంచి వచ్చినవాళ్ళు. స్వరకర్త స్టీవ్ రైక్ 1987లో జాజ్ గిటారిస్టు పాట్ మెథెనీ కోసం 'ఎలక్ట్రిక్ కౌంటర్‌పాయింట్' రాశాడు. అందులో స్పీడు లేదు, డిస్టార్షన్ లేదు, ఒక గిటారు మీద ఇంకో గిటారు పొరలు పొరలుగా పేరుస్తారు. ఇప్పటికీ విద్యార్థులు వాయిస్తూనే ఉన్నారు. శాస్త్రీయ లోకపు తలుపు కోసం తాపత్రయపడ్డది ఒకరు, లోపలికి వెళ్ళింది ఇంకొకరు.

విశ్వవిద్యాలయాల్లో మాత్రం కొంత చోటు దొరికింది. అమెరికా సంగీత శాస్త్రవేత్త రాబర్ట్ వాల్సర్ 1993లో హెవీ మెటల్ మీద రాసిన పుస్తకంలో వాన్ హేలెన్, రోడ్స్, మాల్మ్‌స్టీన్‌ల వాయింపును నొటేషన్‌తో సహా గంభీరంగా విశ్లేషించాడు. ఈ వాదనలో దిగదలచుకున్నవాళ్ళు ముందు అది చదవడం మంచిది.

"స్పీడే గానీ భావం లేదు" అనే మాటకు మీరేమంటారు?

ఈ మాట మనకు కొత్తా? వీణ చిట్టిబాబు గారి వేగం గురించీ, ఆయన కోయిల కూత పలికించడం గురించీ పెదవి విరిచిన పెద్దలు లేకపోలేదు. సభలు మాత్రం కిక్కిరిసేవి. వేగం దానంతటది దోషం కాదు. త్వరితకాలంలో కూడా స్వరం ఎక్కడికి వెళ్తోందో తెలుస్తుంటే అది సంగీతమే.

నేను చూసేది ఒకటే. ఆ ముక్కను సగం వేగంలో వాయించి వినండి. రోడ్స్‌ది సగం వేగంలోనూ పాటలాగే ఉంటుంది. జేసన్ బెకర్‌ది చాలాచోట్ల ఇంకా బాగుంటుంది. ష్రాప్‌నెల్ నుంచి ఎనభైల చివర్లో వచ్చిన కొన్ని ఆల్బంలు మాత్రం సగం వేగంలో సాధన పుస్తకం పేజీల్లా ఉంటాయి. ఆ విమర్శ వాటికి తగులుతుంది, అందరికీ కాదు.

బ్లూస్‌ను, నల్లజాతి సంగీతపు వేళ్ళను వీళ్ళు పక్కకు నెట్టారా?

ఇబ్బందికరమైన ప్రశ్నే, అందుకే చాలామంది దాటేస్తారు. రాక్ గిటారు ఆఫ్రికన్ అమెరికన్ల చేతుల్లో పుట్టింది. బ్లూస్ స్వరాలు తీసేసి యూరప్ స్వరాలు పెట్టి, 'ఇది ఉన్నతమైనది' అనే ధోరణి ఎనభైల గిటారు పత్రికల్లోనూ అభిమానుల మాటల్లోనూ ఉంది. నాకది నచ్చదు. చెవితో నేర్చుకున్నది తక్కువ, కాగితం మీద ఉన్నది ఎక్కువ అనే లెక్క మన దగ్గరా చెలామణీ అవుతుంటుంది, దాని పర్యవసానాలు మనకు తెలుసు.

అయినా కథ అంత సూటిగా లేదు. మాల్మ్‌స్టీన్ మొదటి ఆల్బం కృతజ్ఞతల్లో బాఖ్, పగనీని, వివాల్డి, బేథోవెన్‌ల పక్కనే హెండ్రిక్స్ పేరుంది. ఈ శైలిలో అగ్రశ్రేణి వాద్యకారుడైన టోనీ మెకాల్పైన్ ఆఫ్రికన్ అమెరికన్. షోపాన్ పియానో రచనలు తనే వాయించి గిటారు ఆల్బంలలో పెట్టినవాడు. శైలిని తప్పు పట్టడం కంటే దాని చుట్టూ అల్లిన గొప్పల మాటలను తప్పు పట్టడం న్యాయం.

ఆడవాళ్ళు లేరా?

ఉన్నారు, వాదనల్లో పేర్లు రావు. జూలియార్డ్‌లో వయొలిన్ చదివిన ద గ్రేట్ క్యాట్ అనే గిటారిస్టు బేథోవెన్, పగనీనిలను గిటారు మీద విపరీతమైన వేగంతో వాయించింది. జెనిఫర్ బాటెన్ మైకేల్ జాక్సన్ ప్రపంచ యాత్రల్లో గిటారిస్టు. రెండు చేతుల ట్యాపింగ్‌లో ఆమెది పెద్ద చెయ్యి.

1991 తరువాత ఏమైపోయారు?

ఆ ఏడాది సెప్టెంబరులో నిర్వాణ అనే రాక్ బృందం ఆల్బం 'నెవర్‌మైండ్' వచ్చింది. కొద్ది నెలల్లో అమెరికా రేడియోలో గిటారు సోలో అంటేనే మొహం చిట్లించే పరిస్థితి. జపాన్, ఐరోపా వీళ్ళను వదల్లేదు. ఫిన్లాండ్, స్వీడన్, ఇటలీ, బ్రెజిల్ పవర్ మెటల్ బృందాల్లో ఈ వాయింపు మామూలు సరుకైపోయింది.

అన్నిటికంటే వింత మలుపు ఏడు తీగల గిటారుది. పగనీని ఐదో కాప్రిస్ ఆధారంగా కట్టిన ముక్కను 1986లో ఒక సినిమాలో గిటారు పోటీ కోసం వాయించిన స్టీవ్ వాయ్, 1990లో ఐబనేజ్ కంపెనీతో ఏడు తీగల మోడల్ తెప్పించాడు. విద్వాంసుల కోసం చేసిన వాద్యం. దాన్ని అందిపుచ్చుకున్నది కార్న్ బృందం. సోలోలే లేకుండా, అడుగు తీగ మీద బండ రిఫ్‌లు వాయించడానికి! తొంభైల చివర్లో లోకమంతా వినిపించిన ఆ బరువైన శబ్దానికి పనిముట్టు స్పీడు వీరుల అటక మీంచి దిగింది.

అయితే వాళ్ళ అసలు ప్రభావం ఎక్కడుంది?

పాఠంలో. డెబ్భైల దాకా రాక్ గిటారు నేర్చుకోవడమంటే రికార్డు మీద సూదిని వెనక్కి పెట్టి పెట్టి వినడం. ఎనభైలలో ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో అంకెల్లో చూపే రాత) అచ్చువేసే పత్రికలు, పాఠాల వీడియో క్యాసెట్లు, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) పెట్టుకుని వేగం మెల్లగా పెంచే పద్ధతి, హాలీవుడ్‌లో 1977లో మొదలైన గిటారు ఇన్‌స్టిట్యూట్ లాంటి బళ్ళు, ఇవన్నీ ఒక్కుమ్మడిగా పెరిగాయి. వీళ్ళ సంగీతం చెవితో పట్టుకోవడం అంత కష్టమైంది కాబట్టే ఆ బజారు పెరిగింది. ఇవాళ ఫోన్‌లో గిటారు పాఠం చూసే పిల్లవాడు మాల్మ్‌స్టీన్ పేరు వినకపోవచ్చు. 'మూడు స్వరాలకొక తీగ' అంటూ మెట్రోనోమ్‌తో మొదలుపెట్టే అతని పాఠం మాత్రం ఆ కాలం నుంచి వచ్చిందే.

జేసన్ బెకర్‌ను ఎందుకంత ప్రత్యేకంగా చెబుతారు?

1988లో, 18 ఏళ్ళ వయసులో 'పర్పెచువల్ బర్న్' చేశాడు. కొద్దికాలానికే గాయకుడు డేవిడ్ లీ రోత్ బృందంలో చోటొచ్చింది, ఆ వెంటనే కండరాలను క్రమంగా చచ్చుబడేసే ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు బయటపడింది. చేతులు పోయాయి, మాట పోయింది. తండ్రి తయారుచేసిన పద్ధతిలో కళ్ళ కదలికతో అక్షరాలు, స్వరాలు చెబుతూ సంగీతం రాస్తూ వచ్చాడు. 2018లో 'ట్రయంఫెంట్ హార్ట్స్' అలాగే వచ్చింది. జాలితో చెప్పే మాట కాదు. వేళ్ళే సర్వస్వమని చెప్పుకున్న శైలిలో, వేళ్ళు లేకపోయినా స్వరకల్పన నిలిచింది ఇతనిదే.

మాండలిన్ శ్రీనివాస్‌ను వీళ్ళ సరసన పెట్టొచ్చా?

వరసలో పెట్టడం కుదరదు, పక్కన పెట్టి చూడటం మాత్రం చాలా ఉపయోగం. 1969లో పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసిన పిల్లవాడు. ఎనిమిది తీగల మాండలిన్‌ను ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకున్నాడు. కారణం స్పీడు కాదు, గమకం. జంట తీగలను లాగితే శ్రుతి కలవదు, శబ్దం నిలవకపోతే కర్ణాటక సంగీతం పలకదు. ఒంటి తీగా, కరెంటూ రెండూ అందుకే.

మాల్మ్‌స్టీన్ శాస్త్రీయ సంగీతపు మెరుపులను రాక్‌లోకి తెచ్చాడు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ వాద్యాన్ని శాస్త్రీయ సంగీతం లోపలికే తీసుకెళ్ళి, వర్ణం నుంచి మంగళం దాకా కచేరీ చేసి ఒప్పించాడు. రెండోది కష్టమైన పని. తరువాత, శక్తికి కొనసాగింపుగా వచ్చిన రిమెంబర్ శక్తి బృందంలో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించినప్పుడు ఎవరు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారో చూసేవాళ్ళకు అర్థమయ్యేది.

ఒక్కరి పేరే చెప్పమంటే?

ప్రభావంలో వాన్ హేలెన్. పాటకు కట్టుబడటంలో రోడ్స్. ఒక శైలికి వ్యాకరణం రాసినవాడిగా మాల్మ్‌స్టీన్. స్వరకర్తగా బెకర్. బ్లాక్‌మోర్ లేకపోతే వీళ్ళలో సగం మంది ఇంకేదో వాయించి ఉండేవాళ్ళు. ఒక్కరే కావాలని పట్టుబడితే వాన్ హేలెన్ పేరు చెబుతాను. అతన్ని నియోక్లాసికల్ అనలేమని మీరంటే, మళ్ళీ మొదటి ప్రశ్నకు వెళ్ళి కొట్టుకుందాం.

కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

మాల్మ్‌స్టీన్‌తో మాత్రం వద్దు, చెవి అలసిపోతుంది. ముందు హైవే స్టార్ సోలో, తరువాత మిస్టర్ క్రౌలీ, అప్పుడు ఎరప్షన్. మధ్యలో బాఖ్ ఒంటరి వయొలిన్ రచనలు, పగనీని ఐదో కాప్రిస్ వినండి. ఆపైన 'బ్లాక్ స్టార్' పెట్టుకోండి. రైజింగ్ ఫోర్స్‌లో మొదటి పాట అదే, మెల్లగా మొదలవుతుంది కూడా. అది నచ్చితే 'ఫార్ బియాండ్ ద సన్'కి వెళ్ళండి. నచ్చకపోతే బెకర్ దగ్గరికి వెళ్ళండి, హెడ్‌ఫోన్స్‌తో.